తన్నులు తినడానికి భాల్కి దాకా

గ్రేసీ, నువ్వు నాగపూర్ నుంచి ఫోన్ చేసి "నానమ్మా, పొద్దున మంచం దిగితే మడమలో మేకు దిగుతోంది" అన్నప్పుడు నేను నవ్వాను. నువ్వు అలిగి ఫోన్ పెట్టేశావు. నిన్ను చూసి కాదమ్మా నవ్వింది, ఆ నొప్పి కోసం నేనూ మీ తాతమ్మా చేసిన ప్రయాణం గుర్తొచ్చి. మీరెవరూ ఆ వైపు వెళ్ళలేదు కాబట్టి రాస్తున్నాను. మీ తమ్ముడు డేవిడ్‌కి నువ్వే చదివి వినిపించు. తెలుగు అక్షరాలు చూస్తే వాడికి నిద్ర ముంచుకొస్తుంది.

జహీరాబాద్

అరవయ్యో దశకం మొదటి రోజులు. నయాపైసలు వచ్చి కొన్నేళ్ళయినా మా బజార్లో ఇంకా అణాల్లోనే బేరమాడేవారు. నాకు పెళ్ళయి నాలుగేళ్ళు. న్యాల్‌కల్ అవతల ఒక ఊళ్ళో ఆడపిల్లల బడిలో పంతులమ్మని. బస్సు దిగాక రెండు మైళ్ళు నడక. మీ తాతయ్య కరెంటు స్తంభాల పని మీద వారంలో ఐదు రోజులు ఊళ్ళు పట్టుకు తిరిగేవారు. ఇంట్లో నేను, అత్తమ్మ రాహేలమ్మ (అదే మీ తాతమ్మ), మామయ్య యోహాను మేస్త్రి.

మామయ్య ఆ చుట్టుపక్కల పేరున్న బండలు పరిచే మేస్త్రి. ఎవరెవరి ఇళ్ళకో పరిచీ పరిచీ, చివరికి మోకాళ్ళు సహకరించక పని మానేసే ముందు మన ఇంటికి పరిచారు. అంతవరకూ మనది పేడతో అలికిన మట్టినేల. ఒక్క వర్షాకాలం అయ్యేసరికి ఇల్లంతా షాబాదు బండలు, ముఖం కనపడేంత నునుపు. వాడకట్టంతా చూడ్డానికి వచ్చింది. చర్చి పాస్టరయ్య కూడా వచ్చి వంగి చేత్తో తడిమి చూశారు. మామయ్య పని మానేశారు కాబట్టి పొద్దుటినుంచి పొద్దుగూకే దాకా ఆ బండల మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళకు చూపించేవారు.

ఆ చలికాలంలోనే నాకు నొప్పి మొదలైంది. పొద్దున మొదటి అడుగు వేస్తే తుమ్మముల్లు దిగినట్టు ఉండేది. పది అడుగులు కుంటితే కాస్త సర్దుకునేది. కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ మొదలు. ముల్లు విరిగి లోపలుందని పక్కింటావిడ పిన్నీసుతో తవ్వింది. ముల్లు దొరకలేదు, గాయం మాత్రం దొరికింది. కాల్చిన ఇటుక మీద జిల్లేడాకులు పరిచి మడమ ఆనించమన్నారు. వేడిగా ఉన్నంతసేపు స్వర్గం, ఇటుక చల్లారగానే మళ్ళీ మన జహీరాబాదే.

ఏప్రిల్‌లో బడికి సెలవులిచ్చారు. అప్పుడు మామయ్య తీర్పు చెప్పారు.

"బడి తెరిచే నాటికి తగ్గకుంటె నౌకరీ ఇడిసిపెట్టు బిడ్డా. రాజీనామా నేను రాపిస్త. కుంటుకుంట పోతుంటె నలుగురు నన్నే అంటున్నరు."

ఆయన చెడ్డవారు కాదు, నెమ్మదిగానే చెప్పారు. కానీ వాడకట్టులో నేను యోహాను మేస్త్రి కోడలిని. చర్చిలో లైనుమన్ భార్యని. బడిలోని ఆ ఒక్క గదిలోనే, ముప్ఫైమంది పిల్లల ముందు, శాంత టీచర్ని. ఆ పేరు పోతే నాకింకో పేరు లేదు.

ఎవరూ ఊహించని వైపు నుంచి సాయం వచ్చింది. పెరట్లో అత్తమ్మ నా చెవిలో చెప్పింది.

"నువ్వు నౌకరీ మానితె నా బతుకేం గావాలె? దినమంత ఒక్క పొయ్యికాడ ఇద్దరం ఆడోళ్ళం! పదిదినాలల్ల ఒకల జుట్టు ఒకలం పట్టుకుంటం. భాల్కిల ఒకామె ఉన్నదట. కాళ్ళతోని పుట్టినామె. పోదాం పా."

మీకు తెలియదేమో చెబుతాను. పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్ళు ముందు వచ్చినవాళ్ళ పాదానికి మహిమ ఉంటుందని మా వైపు నమ్మకం. నడుము పట్టేసినవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి వాళ్ళచేత తన్నించుకుంటారు. పాస్టరయ్య వింటే ఊరుకోరు. అందుకని అందరికీ బీదర్‌లో ఉన్న అత్తమ్మ చెల్లెల్ని చూసొస్తామని చెప్పి, ఒక బెల్లం ముద్ద, కాసిని అల్లం కొమ్ములు మూట కట్టుకుని రైలెక్కాం.

రైల్లో

కుంటుతూ రైలెక్కితే చాలు, పెట్టె నిండా డాక్టర్లే. ఎదురుగా కూర్చున్న అల్లం వ్యాపారి అల్లం నూరి పట్టు వేయమన్నాడు. పక్కన నూనె డబ్బాలతో ఉన్నాయన నువ్వులనూనె తప్ప మందు లేదన్నాడు. తమలపాకుల గంపావిడ ఆకు వేడిచేసి కట్టమంది. ఎవరి దగ్గర ఏ సరుకుంటే నా మడమకు అదే మందు. తలుపు దగ్గర కుండల గంపతో ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన ఏం చెబుతాడా అని చూశాను గానీ, పాపం, ఏమీ చెప్పలేదు.

అల్లం వ్యాపారి అత్తమ్మతో అన్నాడు: "అవ్వా, బీదర్ ఇప్పుడు మనది గాదు. మైసూరు రాష్ట్రంల కలిపిన్రు."

అత్తమ్మ పుట్టిల్లు ఆ సరిహద్దు పల్లెల్లోదే. ఆమె కిటికీలోంచి బయటికి చూసి, "నేను పుట్టినకాడికెల్లి గీడనే ఉన్నది. ఏడికి పోయింది?" అంది.

బీదర్

రైలు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. రోడ్డు పెనంలా కాలుతోంది. చిన్నత్తమ్మ ఇల్లు ఊరి నడుమ చౌబారా బురుజుకు అవతల. టాంగావాడు ముప్పావలా అడిగాడు. అత్తమ్మ వాణ్ణి ఒక్క చూపు చూసి నడక మొదలుపెట్టింది. వెనక నేను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, మీరు నమ్మరు. నా చేతిసంచిలో నా చెప్పుల జత ఉంది. అత్తమ్మ మూటలో ఆమె చెప్పుల జత ఉంది. ఇద్దరం ఉత్తకాళ్ళతో ఎగిరెగిరి నడుస్తున్నాం. మన వాడకట్టులో కోడలు పెద్దవాళ్ళ ముందు చెప్పులు వేసుకోదు. బడికి వెళ్ళేటప్పుడు కూడా వాడకట్టు దాటే దాకా సంచిలో పెట్టుకుని, దాటాక తొడుక్కునేదాన్ని. ఇప్పుడు పెద్దావిడ నాతోనే ఉంది కాబట్టి సంచిలోంచి తీసే ప్రశ్నే లేదు. ఇక ఆమెవి చర్చికి కొనుక్కున్నవి. ఆదివారం తప్ప నేల తాకనిచ్చేది కాదు. మడమ నొప్పికి వైద్యం కోసం రెండు జతల చెప్పులు మోసుకుంటూ ఉత్తకాళ్ళతో ఊరు దాటాం. దారిలో ఎవరికీ, మాకు కూడా, అది వింతగా అనిపించలేదు.

చిన్నత్తమ్మ మా పాదాలు చూసి, ముందు కుండలోని నీళ్ళు వాటి మీద పోసి, తర్వాత పలకరించింది. రాత్రి జొన్నరొట్టె, పుంటికూర, అంటే గోంగూర. వాళ్ళు దాన్ని పుండి పల్లె అంటారు. మనం పుంటికూరలో కారం వేస్తాం, వాళ్ళు కారంలో పుంటికూర వేస్తారు. కన్నీళ్ళు తుడుచుకుంటూ మూడు రొట్టెలు తిన్నాను.

హకీంగారి దుకాణం

"భాల్కి పోయేముంగట ఇంత దగ్గరున్న హకీంకు సూపియ్యక్కా" అని చిన్నత్తమ్మ పట్టుబట్టింది. మర్నాడు పొద్దున్నే ముగ్గురం వెళ్ళాం.

హకీంగారు తెల్లటి గడ్డం, మెత్తటి గొంతు. నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నొప్పి మడమలో అయితే చెయ్యి ఎందుకని అడగబోతుంటే అత్తమ్మ మోచేత్తో పొడిచింది.

"బైంగన్ ఖాతే?" అన్నారు, వంకాయ తింటావా అని.

తింటానన్నాను. కళ్ళు తెరిచి, దొంగ దొరికినట్టు తల ఊపారు.

"బైంగన్ బంద్. ఆలూ బంద్. ఖట్టా బంద్. గోష్త్ బంద్." పులుపు, మాంసంతో సహా అన్నీ బందే.

"సాబ్, మరి తినుడు ఏంది?" అని అత్తమ్మ అడిగింది.

"సబర్," అన్నారాయన. ఓపిక పట్టమని.

ఒక సీసాలో నల్లటి లేహ్యం ఇచ్చారు. రుచి బాగుందని చిన్నత్తమ్మ పిల్లలు సాయంత్రానికల్లా నాకేశారు. మర్నాడు వాళ్ళకు మడమలు చక్కగా ఉన్నాయి, కడుపులే బాగోలేవు. నా మంచం పక్కన మొదటి అడుగు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

భాల్కి

కాళ్ళతో పుట్టినావిడ ఆదివారం, గురువారం మాత్రమే తంతుందట. గురువారం దాకా ఆగితే ఇంట్లో అనుమానం వస్తుంది. మిగిలింది ఆదివారం. అంటే ఆరాధన మానుకుని తన్నులకు వెళ్ళాలి. రైల్లో అత్తమ్మ మెల్లగా అంది.

"దేవుడు ఆడ ఉన్నడు, ఈడ ఉన్నడు. పాస్టరయ్యకు మాత్రం చెప్పకు."

ఆమెకు గంగవ్వ అని పేరు. బజారులో ఖానావళి నడుపుతుంది. ఖానావళి అంటే భోజనం పెట్టే చోటు. అర్ధరూపాయికి కడుపు నిండా రొట్టెలు, నూనె వంకాయ, పల్లీల పొడి, మజ్జిగ. మనిషి గుమ్మమంత ఉంది. ఒక చేత్తో రొట్టెలు విసురుతూ, నోటితో పనివాళ్ళను తిడుతూ, కళ్ళతో మమ్మల్ని చూసింది. ఆమె మూడు భాషలు కలిపి మాట్లాడేది. నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

"నడుమా?" అంది.

"గాదు, మడిమ," అంది అత్తమ్మ.

గంగవ్వ రొట్టె పక్కన పెట్టింది. "మడిమను ఎట్ల తన్నాలె తల్లీ? నడుముకైతె యెనుకకెల్లి తంత. మడిమ కింద ఉంటది గద!"

తింటున్నవాళ్ళంతా చేతులాపి ఆలోచనలో పడ్డారు. ఒకాయన నన్ను కుర్చీ మీద నిలబెట్టమన్నాడు. ఇంకొకాయన బోర్లా పండబెట్టి కాళ్ళు పైకెత్తమన్నాడు. అదే ఖాయమైంది. ఖానావళి వెనక గదిలో చాప మీద బోర్లా పడుకుని, మోకాళ్ళు మడిచి, అరికాళ్ళు ఆకాశానికి చూపించాను. గంగవ్వ గోడ పట్టుకుని ఒక కాలెత్తింది.

"మెల్లగ గంగవ్వా, దూరం నుంచి వచ్చిన్రు!" అని ముందు గదిలోంచి కేక.

మూడుసార్లు తన్నింది. తన్నడం అంటే తాకించడమే, పాపం. మూడోసారికి ఆమె కాలు ఆనించి, "అమ్మా!" అని గట్టిగా అరిచి, తన మడమ పట్టుకుని నా పక్కనే చాప మీద కూలబడింది.

నేను బెదిరిపోయి లేచి కూర్చున్నాను.

"ఏమైందవ్వా?"

"నొస్తుంది."

"ఏంది?"

"మడిమ," అంది గంగవ్వ. "నాకూ అదే బీమారి. రెండేండ్లాయె."

మహిమ ఉన్న పాదానికే మడమ నొప్పి! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అత్తమ్మ వైపు చూస్తే ఆమె నవ్వడం లేదు. నెమ్మదిగా గోడ పట్టుకుని వచ్చి, చాప మీద మా ఇద్దరి మధ్యలో కూర్చుని, తన రెండు పాదాలూ ముందుకు చాపింది.

"నాకూ," అంది.

"నీకా అత్తమ్మా? ఎప్పటికెల్లి?"

"నీకంటె నెల ముంగట. ఆ బండలు పరిచిన కాడికెల్లి. మీ మామ పానం పెట్టి పరిచిండు. బండలతోని నొస్తుందని ఏ నోటితోని చెప్పాలె? నీకు నొప్పి లేచినప్పుడు దేవునికి దండం పెట్టుకున్న. నీ యెంబడి నేను గూడ దవా చేయించుకోవచ్చని."

నా నొప్పికి దేవుడికి దండం పెట్టిన అత్తగారు! అయినా కోపం రాలేదు. ఆమె కూడా పొద్దున్నే గోడ పట్టుకుని నడవడం నేను చూశాను. వయసు అనుకున్నాను.

గంగవ్వ అప్పుడు అసలు వైద్యం చేసింది, కాలితో కాదు, నోటితో. పోలీసులా ప్రశ్నలు వేసింది.

"ఇంట్ల కింద బండలా?"

"బండలే."

"చెప్పులు?"

సంచిలో ఉన్నాయన్నాను. అత్తమ్మ మూటలో ఉన్నాయంది. గంగవ్వ నుదురు కొట్టుకుంది.

"దినమంత నిలబడతవా?"

నేను ఆలోచించాను. బళ్ళో కుర్చీ ఉంది. వంట కూర్చునే చేస్తాం. మరి నిలబడేది ఎప్పుడు? అప్పుడు తట్టింది. మామ ముందు కోడలు కూర్చోదు. ఆయన పని మీద వెళ్ళే రోజుల్లో గంటో రెండు గంటలో. ఇప్పుడు ఆయన పొద్దస్తమానం ఇంట్లోనే. నేను బడి నుంచి వచ్చినప్పటినుంచి పడుకునే దాకా తలుపు పక్కన ఆ బండల మీదే నిలబడి బియ్యం ఏరేదాన్ని, నిలబడి పలకలు దిద్దేదాన్ని. అత్తమ్మ ఆయన పక్కన నిలబడి వడ్డించేది, నిలబడి విసనకర్రతో విసిరేది, బండలు చూడవచ్చినవాళ్ళకు నిలబడి చాయ్ ఇచ్చేది.

అదే చెప్పాను. గంగవ్వ చాలాసేపు నవ్వింది.

"నీ మడిమల ముల్లు లేదు తంగీ, మర్యాద ఉన్నది," అంది. తంగి అంటే వాళ్ళ భాషలో చెల్లెలు.

తర్వాత తాను ఏం చేస్తుందో చూపించింది. పొయ్యి దగ్గర గోనెసంచి నాలుగు మడతలు వేసి దాని మీదే నిలబడుతుంది. పొద్దున మంచం దిగకముందే చీరకొంగు పాదం కింద నుంచి వేసి వేళ్ళను తన వైపు లాక్కుంటుంది, ఇరవై అంకెలు లెక్కపెట్టే దాకా. గోడకు చేతులానించి ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ ఎత్తకుండా పిక్క సాగదీస్తుంది. మధ్యాహ్నం కూర్చుని గోలీసోడా సీసా పాదం కింద పెట్టి ముందుకీ వెనక్కీ దొర్లిస్తుంది.

"రాత్రంత అరికాలి తాడు ముడుచుకుంటది. పొద్దుగాల్న ఒక్కసారి గుంజితె నొయ్యదా? మెల్లగ గుంజు. ఒక్కదినంల పోదు. నెలలు వడ్తది. నేను సీసా మరిచిన నాడు మళ్ళ వస్తది, ఇయ్యాల సూస్తివి గద."

"మరి గిదంత తెలిసి జనాలను ఎందుకు తంతవ్?" అని అత్తమ్మ అడిగింది.

"సీసా దొర్లియ్యమంటె ఎవడు ఇంటడు? తంతనంటె బీదర్ కెల్లి వస్తున్నరు. తన్నినంక చెప్తె ఇంటరు."

ఇంతలో నేను సంచిలోంచి నా చెప్పులు తీశాను. అత్తమ్మ చూస్తోంది. చేతిలో పట్టుకుని ఆగాను. ఆమె తన మూట విప్పి, కాగితం చుట్టిన చర్చి చెప్పులు తీసి, ఆదివారమే కదా అనుకుందో ఏమో, తొడుక్కుంది. "ఏసుకో," అంది నాతో. బెల్లం, అల్లం గంగవ్వకిచ్చి, ఆరారు రొట్టెలు తిని, ఇద్దరం టపటపా స్టేషన్‌కు నడిచాం.

నీ డాక్టరు చెప్పినదీ ఇదే కదా గ్రేసీ? అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా ఒక పట్టీ ఉంటుందనీ, గట్టి నేల మీద ఉత్తకాళ్ళతో గంటలకొద్దీ నిలబడితే అది లాగుకుపోయి వాస్తుందనీ. ఆయన నీ దగ్గర ఎంత తీసుకున్నాడో నేను అడగను. గంగవ్వ బెల్లం తీసుకుంది.

మళ్ళీ మన గుమ్మం

మేము వచ్చేసరికి మామయ్య బండల మధ్యలో కుర్చీలోనే ఉన్నారు. అత్తమ్మ చెప్పులతోనే గడప దాటింది. ఆ చప్పుడుకు ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇంట్ల చెప్పులేంది?"

అత్తమ్మ నా వైపు తిరిగింది. "శాంతా, కూసో."

నేను కదల్లేదు. నాలుగేళ్ళలో ఆయన ముందు ఒక్కసారి కూర్చోలేదు.

"కూసో అంటున్న గద!"

పీట లాక్కుని కూర్చున్నాను. తల మాత్రం ఎత్తలేదు. మామయ్య ముఖం ఎర్రబడింది.

"భాల్కిల గిదేనా నేర్చుకొచ్చింది? బడి ఇడిసి పెట్టమన్ననని నా మీద కోపమా?"

భాల్కి సంగతి ఆయనకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. అత్తమ్మ ఎదురుగా నిలబడి నెమ్మదిగా చెప్పింది.

"మడిమ నొస్తుందని దానికి రాజీనామా రాపిస్తనంటివి. మంచిదే. నా మడిమలు దానికంటె నెల ముంగటికెల్లి నొస్తున్నయ్. నాకు గూడ రాపియ్యి. రేపటికెల్లి నేను గూడ పొయ్యికాడికి రాను, నీకు వడ్డియ్యను. రాపియ్యి. ఏలిముద్ర నేనే ఏస్త."

ఆయన అత్తమ్మ పాదాల వైపు చూశారు, వాటి కింద తన బండల వైపు చూశారు. ఎంతమంది పొగిడిన బండలు! నాకు జాలేసింది.

"నాకు ఎందుకు చెప్పలే?" అన్నారు చివరికి.

"నువ్వు కుర్చీల కూసుంటివి గద," అంది అత్తమ్మ.

ఆయన మూడో రోజు పొద్దున కుర్చీ ఎత్తి బయట అరుగు మీద వేసుకున్నారు. కోడలు తన ముందు కూర్చోవడం ఆయన చూడలేరు, కోడల్ని నిలబెట్టనూ లేరు. అందుకని తన మర్యాదను తనే బయటికి తీసుకుపోయారు. ఆ సాయంత్రమే వంటింట్లో, తలుపు దగ్గర, రోలు దగ్గర మడతలు పెట్టిన గోనెసంచులు కనిపించాయి. ఎవరు పరిచారని మేమెవరమూ అడగలేదు. మూలలు మాత్రం మేస్త్రి పరిచినట్టు గీత గీసినంత సూటిగా ఉన్నాయి. రాజీనామా మాట మళ్ళీ ఎత్తలేదు.

జూన్‌లో బడి తెరిచే రోజుకు నొప్పి పూర్తిగా పోలేదు. పోవడానికి దసరా దాటింది. నిజం చెబితేనే నీకు ఉపయోగం. కానీ తగ్గింది. చెప్పు మడమ కింద పాత కంబళి ముక్క కుట్టించుకుని, ఇంటి దగ్గరే తొడుక్కుని బయల్దేరాను. వాడకట్టు మలుపులో ఒక పెద్దాయన అత్తమ్మను కేకేశాడు.

"ఓ రాహేలమ్మా! కోడలు చెప్పులేసుకోని పోతున్నది, సూస్తలేవా?"

"నేనే ఏసుకోమన్న. నీ మడిమలు గట్టిగున్నయ్ గద, నువ్వు పో రెండు మైళ్ళు బడికి!"

బస్సు దిగాక రెండు మైళ్ళలో మూడుచోట్ల ఆగి, గట్టు మీద కూర్చుని పాదం సాగదీసుకున్నాను. మేకలు కాసే ఒకావిడ చూసి, పూనకం వచ్చిందనుకుని దూరంగా నిలబడి దండం పెట్టింది. బడికి చేరేసరికి మొదటి గంట అయిపోయింది. హెడ్మాస్టరు గారు గడియారం చూసి, హాజరు రిజిస్టర్లో నా పేరుకెదురుగా ఎర్ర సిరాతో గీత గీశారు.

నేను వంగి ఆ గీతను చూశాను. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను గ్రేసీ. ఆలస్యమైందని గీత గీయాలన్నా ముందు అక్కడ పేరు ఉండాలి కదా.